గుమ్మిగెడ్డ సత్తి

సూర్యప్రకాశరావు స్నానం చేసి బయటికి వచ్చేసరికి భార్య అప్పటికే కారులో కూర్చుని ఉంది.

వాళ్ల కాపురంలో అలా ఎన్నడూ జరగలేదు. పెళ్లికి వెళ్లినా గుడికి వెళ్లినా ఆయన చెప్పులు వేసుకుని వీధి అరుగు మీద నిలబడి "అయిందా, అయిందా" అని కేకలు వెయ్యడం, ఆవిడ గ్యాసు కట్టేశానో లేదోనని మళ్లీ లోపలికి పరుగెత్తడం మామూలు. ఇవాళ ఆవిడే ముందు తయారైంది. తలంటుకుని, ఆకుపచ్చ నేతచీర కట్టుకుని, ఒళ్లో ఒక స్టీలు డబ్బా పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"అప్పుడే ఎక్కేసేవేంటి? కాఫీ తాగేవా?" అన్నాడాయన.

"తాగేనండి. మీరు తాగి రండి. తొందరేం లేదు," అంది నారాయణమ్మ. తొందరంతా ఆవిడ కళ్లలోనే ఉంది.

ఆవిడ అసలు పేరు సత్యనారాయణమ్మ. కొత్తపేట దగ్గర పల్లెలో వాళ్లకి కొబ్బరితోటలూ కాస్త వరిచేనూ ఉన్నాయి. మేనల్లుడు నాగసతీష్ విశాఖపట్నంలో మధురవాడ వైపు ఫ్లాటు కొనుక్కుంటే గృహప్రవేశానికి వచ్చారు. అది నిన్న అయిపోయింది. ఇవాళ గుమ్మిగెడ్డ డ్యాం చూసుకుని, అటునుంచి సింహాచలం వెళ్లాలి. గుమ్మిగెడ్డ ఆవిడ కోరిక. సింహాచలం ఆయన పెట్టిన షరతు.

గుమ్మిగెడ్డ డ్యాం అంటే ప్రకాశరావుకి గిట్టదు. ఆయన దాన్ని చూడనే లేదు. తెల్లదొరల కాలంలో పట్నానికి మంచినీళ్లివ్వడానికి రెండు కొండల మధ్య కట్టిన రాతికట్ట అని మాత్రం తెలుసు. నారాయణమ్మ తండ్రిదీ కొత్తపేట వైపే. ఉద్యోగం మీద వెళ్లి ఆ డ్యాం దగ్గర సూపర్‌వైజరుగా చేసేవాడు. పెళ్లయ్యేదాకా ఆవిడ అక్కడి క్వార్టర్సులోనే పెరిగింది. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త వచ్చి పెంచిందని పెళ్లిచూపుల్లో చెప్పారు.

పెళ్లయిన కొత్తలో ఆయన భార్యని కోటిపల్లి రేవులో పంటు ఎక్కించాడు. వరద రోజులు. ఎర్రటి గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా నిండుగా పోతోంది. తనే తవ్వించినంత గర్వంగా, "ఎలా ఉంది మా గోదారి?" అని అడిగాడు.

"చాలా పెద్దదండి," అంది ఆవిడ. కాసేపు నీళ్లలోకి చూసి, "మా డ్యాంలో అయితే అడుగున రాళ్లు కూడా కనిపించేవి," అంది.

ఆ మాట ఆయన మరిచిపోలేదు. తరవాత చాలా ఏళ్లకి ఇంట్లో ఆర్వో మిషను పెట్టించిన రోజు ఆవిడ గ్లాసు వెలుగుకి ఎత్తి చూసి, "ఇదిగో, ఇప్పుడు కాస్త మా డ్యాం నీళ్లలా ఉన్నాయి," అంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"అంత ఇష్టమైతే అక్కడే ఉండిపోవాల్సింది," అన్నాడు.

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ తరవాత డ్యాం మాట ఎత్తడం బాగా తగ్గించేసింది. అది ఇంకా బాధగా ఉండేది ఆయనకి. తొలకరి చినుకులు పడగానే వంటింటి కిటికీ దగ్గర గరిటె పట్టుకుని ఆగిపోయేది. ఎక్కడికి వెళ్లిందో ఆయనకి తెలుసు. పిలిస్తే వెంటనే పలికేది, కానీ రావడానికి కాస్త టైం పట్టేది. తను ఎన్నడూ అడుగుపెట్టని చోటికి భార్య అలా రోజూ వెళ్లి వస్తోందని ఆయనకి లోపల ఎక్కడో కుళ్లుగా ఉండేది. ఊరిని చూసి కుళ్లుకునే మొగుడుంటాడా అని తనే నవ్వుకోబోయేవాడు, నవ్వు వచ్చేది కాదు. ఒకసారి తీసుకెళ్లండి అని ఆవిడ అడిగినప్పుడల్లా చూద్దాంలే అనేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకే తండ్రికి బదిలీ అయి, తరవాత ఆయన పోవడంతో, వెళ్లడానికి కారణం కూడా లేకుండా పోయింది.

ఈసారి మాత్రం నాగసతీషే ఇరికించాడు. "ఎంతోదూరం కాదు మావయ్యా, మనింటి నుంచి గంట కూడా పట్టదు. అత్తయ్యని తీసుకెళ్దాం," అన్నాడు అందరి ముందూ. కాదనడానికి వీల్లేకపోయింది.

కారు ఊరు దాటి కొండల్లోకి తిరిగింది. జీడిమామిడి తోపుల మధ్య రోడ్డు సన్నగా పైకెక్కుతోంది. నారాయణమ్మ కిటికీ అద్దం దించేసి ముఖం బయటికి పెట్టింది. "ఇక్కడ మలుపు వస్తుంది, చూడు," అనేది నాగసతీష్‌తో. మలుపు వచ్చేది. "ఇప్పుడు చల్లగా తగులుతుంది," అనేది. నిజంగానే చల్లటి గాలి తగిలేది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. డ్యాం మీదికి ఎవర్నీ పంపడం లేదనీ, ఆఫీసు నుంచి పర్మిషన్ తేవాలనీ అన్నాడు.

ప్రకాశరావుకి మనసు తేలికపడింది. "సర్లే, రూల్సు రూల్సే కదా. పదండి, సింహాచలం పోదాం," అన్నాడు.

కానీ నారాయణమ్మ తలుపు తీసుకుని దిగిపోయింది. నేరుగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, "బాబూ, ఇక్కడ వాటర్ వర్క్సులో జగ్గయ్య అని పనిచేసేవాడు. ఇప్పుడున్నాడా?" అని అడిగింది.

ఆ పేరు ప్రకాశరావు ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్లలో కట్ట గురించి విన్నాడు, రాళ్ల గురించి విన్నాడు, నీటికాకుల గురించి విన్నాడు. మనిషి పేరు ఒక్కటీ వినలేదు.

"ఫిట్టరు జగ్గయ్య గారా? రిటైరైపోనారమ్మా. కిందే ఉంతారు," అని వాచ్‌మన్ ఫోను తీశాడు.

కాసేపటికి పాత మోపెడ్ ఒకటి చప్పుడు చేసుకుంటూ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, తల పూర్తిగా నెరిసిన మనిషి దిగాడు. ముందు అర్థంకానట్టు చూశాడు. తరవాత రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"ఓలమ్మ! సత్తీ! నువ్వేటే?"

"నేనేరా జగ్గా," అంది నారాయణమ్మ. "అమ్మ ఉన్నాదా?"

"ఉన్నాది. మంచం దిగనేదు గానీ నోరు మాత్రం అలాగే ఉన్నాది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ప్రకాశరావు కారు పక్కన అలాగే నిలబడిపోయాడు. సత్తి ఎవరు? తమ ఇంట్లో ఆవిడ వచ్చేనాటికే ఒక సత్యవతి ఉందని, కొత్తకోడల్ని నారాయణమ్మ అనడం మొదలుపెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. "ఉన్నాదా" అన్న ఆ గొంతు కూడా ఆయన ఎరిగింది కాదు. కొంచెం సాగదీసి, కొంచెం పాడినట్టుగా ఉంది.

"మా ఆయన," అని చూపించింది ఆవిడ.

"దండాలు బాబుగారూ," అన్నాడు జగ్గయ్య. వాచ్‌మన్‌తో ఏదో చెప్పాడు. గేటు తెరుచుకుంది.

డ్యాం ఆయన అనుకున్నంత పెద్దది కాదు, అనుకున్నంత చిన్నదీ కాదు. చెక్కిన రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడ, ఈ కొండకీ ఆ కొండకీ మధ్య బిగించినట్టుంది. మధ్యలో నీళ్లలోకి చొచ్చుకుపోయిన చిన్న రాతి బురుజు, దాని నెత్తిన తుప్పుపట్టిన చక్రాలు. ఒక పక్క నల్లటి నిశ్చలమైన నీళ్లు, రెండో పక్క లోయలో చెట్లు. నిజంగానే గట్టు దగ్గర నీళ్ల అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. అది గమనించినందుకు ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది.

నారాయణమ్మా జగ్గయ్యా ముందు నడుస్తున్నారు. ఆయనా నాగసతీషూ వెనక. ఇంట్లో పది మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి కట్ట మీద గబగబా పోతోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకేసారి నవ్వుతున్నారు. ఎవరెవరో పోయారట, ఏదో చింతచెట్టు కొట్టేశారట, చిరతపులి దూడని ఎత్తుకుపోయిందట. అందులో ఒక్క ముక్క కూడా ప్రకాశరావుకి పట్టుకోవడానికి లేదు.

"ఇదెంతయ్యా, చెరువంత ఉంది," అన్నాడు కాస్త గట్టిగా, వాళ్లకి వినపడేలా. "మా ధవళేశ్వరం బ్యారేజీ చూసేరా మీరెప్పుడైనా? ఈ చివర్నించి చూస్తే ఆ చివర ఆనదు."

జగ్గయ్య ఆగి వెనక్కి తిరిగాడు. "నిజమే బాబుగారూ. దాని ముందు ఇదెక్కడ! నేను ఒక పాలి చూసినాను. కళ్లు తిరిగిపోనాయి," అన్నాడు.

వాదిస్తే బాగుండేది. ఒప్పేసుకున్నాడు.

బురుజు దాటాక కట్ట లోపలివైపు నీళ్లలోకి దిగే రాతిమెట్లున్నాయి. జగ్గయ్య అక్కడ నిలబడి, "సత్తీ, ఈ మెట్టు గుర్తున్నాదా?" అన్నాడు.

నారాయణమ్మ చెయ్యి తనంతట తనే ఎడమ కనుబొమ మీదికి పోయింది. అక్కడ గోరంత మచ్చ ఉంది. వెంట్రుకలు మొలవని చోటు. పెళ్లయిన మొదటి నెలల్లో ప్రకాశరావు ఆ మచ్చ మీద వేలు పెట్టి అదేంటని అడిగాడు. "చిన్నప్పుడు పడ్డానండి," అంది అంతే. ఆయనకి ఆ మచ్చ చాలా ఇష్టం. ప్రపంచంలో తనకొక్కడికే అంత దగ్గరగా తెలిసిన గుర్తు అది అనుకునేవాడు. ఇప్పుడు ఎవడో ముసలి ఫిట్టరు అది ఏ మెట్టు మీద అయిందో వేలితో చూపిస్తున్నాడు.

"టైమవుతోంది. దర్శనం మూసేస్తారు," అన్నాడాయన.

"ఒక్క పది నిమిషాలండి. కింద క్వార్టర్సుల దగ్గరికి వెళ్లొద్దాం. మెట్లదారే."

"నా మోకాలు తెలుసు కదా నీకు. ఏం అక్కర్లేదు. చూసేవు కదా, పద."

నారాయణమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "అయితే మీరు కూర్చోండి. నేను వెళ్లొస్తాను," అంది మెల్లగా. స్టీలు డబ్బా చంకలో పెట్టుకుని, జగ్గయ్య వెనకే లోయలోకి దిగే దారి పట్టింది. ఆయన వద్దన్న పని ఆవిడ చెయ్యడం ఆయన ఎరగడు.

ప్రకాశరావు పిట్టగోడ మీద కూర్చున్నాడు. చెట్ల మధ్య ఆకుపచ్చ చీర కాసేపు కనిపించి మాయమైంది.

"అత్తయ్య ఇంత స్పీడుగా నడుస్తారని తెలీదు మావయ్యా," అన్నాడు నాగసతీష్ నవ్వుతూ. ఆయన చెట్లవైపే చూస్తున్నాడు. కుర్రాడు ఫోనెత్తుకుని ఫొటోలు తీసుకుంటూ అవతలికి పోయాడు.

వాచ్‌మన్ అటుగా వస్తే, ఏమీ కానట్టు అడిగాడు. "ఆ జగ్గయ్యకి పిల్లలెంతమందయ్యా?"

"ఒక కూతురు బాబూ, గాజువాకలో ఉన్నాది. భార్య పోయి చానాళ్లయింది. ఆయనా ఆయన తల్లీ ఉంతారు."

భార్య లేదు. ఆ సంగతి ముల్లులా దిగింది. అరవై దాటిన వయసులో ఏం ఆలోచనలివి అని తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకున్నా ఆలోచన ఆగలేదు. ఏమీ లేకపోతే ఆ పేరు ఇన్నేళ్లు ఎందుకు దాచింది? మాట దాచిందంటే దాచవలసిన మాట అయ్యుండాలి. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఇన్నాళ్లూ నీళ్లనే తలుచుకుందా? తను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటే ఆవిడ ఇక్కడ, ఈ మెట్ల మీద, ఎవరితో తిరిగింది?

కొండ మీద మబ్బు దిగింది. సన్నగా జల్లు మొదలైంది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆయన లేచాడు. మోకాలు పట్టేసినా లెక్కచెయ్యకుండా దారి దిగడం మొదలుపెట్టాడు. సగంలో కాలు జారి ఎర్రమట్టిలో చతికిలబడ్డాడు. తెల్ల పంచె నడుందాకా పాడైంది. పట్టుకోడానికి ఎవరూ లేరు. చెట్టు వేరు పట్టుకుని లేచి మళ్లీ దిగాడు.

కింద కూలిపోయిన క్వార్టర్లు, వాటి పక్కన సిమెంటు రేకుల ఇల్లు ఒకటి ఉంది. వాకిట్లో నారాయణమ్మ చెప్పులు విడిచి ఉన్నాయి. లోపల్నుంచి ఏడుపు వినిపించింది. నారాయణమ్మ గొంతు.

"అమ్మా, నేను రాలేకపోయేనే... రాలేకపోయేను..."

ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ తల్లి పోయినప్పుడు ఆవిడకి ఊహ కూడా లేదు. ఈ అమ్మ ఎవరు?

మంచం మీద ఎండిపోయిన చిన్న ముసలమ్మ ఉంది. పక్కన స్టీలు డబ్బా మూత తీసి ఉంది, నిండా సున్నుండలు. నారాయణమ్మ కింద కూర్చుని ఆమె ఒళ్లో ముఖం దాచుకుంది. ముసలమ్మ చెయ్యి నారాయణమ్మ తల మీద తిరుగుతోంది, తడి ఉందేమో చూస్తున్నట్టు. జగ్గయ్య ఆ గదిలో లేడు. వెనక వసారాలో గిన్నెల చప్పుడవుతోంది.

"ఎలుగుకి అడ్డంగా నిలబడిపోనాడు, ఎవులే అతగాడు?" అంది ముసలమ్మ.

నారాయణమ్మ తలెత్తింది. ఆయన్నీ, ఆయన పంచెనీ చూసి కంగారుగా లేచింది. "అయ్యో, పడ్డారా! దెబ్బేమైనా తగిలిందా?" అని వంగి మోకాలు తడిమింది. తరవాత, "మా ఆయనేనమ్మా," అంది.

"అల్లుడుబాబా? లోనకి రమ్మను. కూకోమను." ముసలమ్మ కళ్లు చిట్లించి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కూడెడతాడా సరిగ్గా?"

"పెడతారమ్మా."

"కొడతాడా?"

"నేదమ్మా."

"తిడతాడా?"

నారాయణమ్మ ఓరగా ఆయన వైపు చూసింది. "అప్పుడప్పుడు."

"దేనికి?"

"డ్యాం మాటెత్తితే."

ముసలమ్మ పళ్లులేని నోరు తెరిచి పకపకా నవ్వింది. ప్రకాశరావుకి ఎటు చూడాలో తెలియలేదు. జగ్గయ్య టీగ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. వద్దనబోయి తీసుకున్నాడు.

ఆమె పేరు అప్పాయమ్మ. డ్యాం మీద కూలిపని చేసేది. గడ్డి కోసేది, కాలువలో పూడిక తీసేది. సూపర్‌వైజరు గారి భార్య జ్వరంతో పోయినప్పుడు మూడేళ్ల పిల్లని తెచ్చి ఈమె చేతుల్లో పెట్టారు. ఆమెకి అప్పటికే జగ్గయ్య ఉన్నాడు. ఇద్దర్నీ ఒకే చాప మీద పడుకోబెట్టింది. పిల్ల పెద్దదై పెళ్లయి వెళ్లేదాకా తిండీ, తలదువ్వడం, జ్వరాలకి కాపలా అంతా ఇక్కడే.

"మరి మీ మేనత్తగారు పెంచేరని..." అన్నాడు ప్రకాశరావు.

"మేనత్త ఏడాదికోసారి వచ్చి వెళ్లేవారండి. నాన్నగారే అలా చెప్పమన్నారు. కూలోళ్లింట్లో పెరిగిన పిల్లంటే మీ వాళ్లు చేసుకోరని," అంది నారాయణమ్మ.

"పెళ్లికి కూడా రావొద్దన్నారు," అంది అప్పాయమ్మ మామూలుగా, ఎండ బాగా కాసిందన్నట్టు. "మంచిదే బాబూ. ఆడగుంట బతుకు బాగుండాల గదా. జగ్గడు రైలుదాకా సామాను మోసి ఒచ్చినాడు. నేను కట్ట మీద కూకున్నాను."

రేకుల మీద జల్లు చప్పుడు పెద్దదైంది.

"నాతో చెబితే ఏమయ్యేది?" అన్నాడు ప్రకాశరావు భార్యతో.

"ఏమనేవారో నాకు తెలీదండి. తెలుసుకోడానికి భయమేసింది. మొదట్లో అత్తగారున్నారు. తరవాత... చాలా రోజులు దాచేక ఇంకెలా చెప్పడమో తెలియలేదు. డ్యాం గురించి చెప్తే మీరే అడుగుతారేమో అనుకునేదాన్ని. మీకు కోపం వచ్చేది."

తను ఏమనేవాడు? తన అమ్మ బతికున్న రోజుల్లో అయితే ఏమనేవాడో ఆయనకి తెలుసు. జగ్గయ్య మీద పెంచుకున్నదంతా ఎక్కడికో పోయింది. కానీ కుళ్లు పోలేదు, చోటు మారిందంతే. తన పక్కన ఇన్నేళ్లు పడుకున్న మనిషి, లోపల ఇంత ఇల్లు పెట్టుకుని, తాళం తీసి ఒక్కసారీ చూపించలేదు. ఆ తాళం ఈ ముసలమ్మ ఒక్క చేత్తో తీసేసింది.

వెళ్లే వేళకి నారాయణమ్మ, "రెండు రోజులు ఉంటానండి ఇక్కడ," అంది.

వద్దనడానికే ఆయన నోరు తెరిచాడు. అప్పటికే అప్పాయమ్మ అడుగుతోంది: "ఒప్పుకుంతాడా?" ఆవిడ సమాధానం చెబుతోంది: "మా ఆయన కాదనరమ్మా."

"ఉండు," అన్నాడు పొడిగా. వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు.

సింహాచలంలో క్యూలో నిలబడ్డాడే గానీ దేవుడి ముందుకి వచ్చాక ఏం మొక్కాలో గుర్తురాలేదు. పక్కన మనిషి లేకుండా దర్శనం చేసుకోవడం ఎప్పుడూ అలవాటు లేదు. తను ఇక్కడ తీర్థం తీసుకుంటుంటే ఆవిడ అక్కడ నవ్వుతూ ఉంటుంది. ఆ యాసలో, ఆ పేరుతో. మట్టిపంచె మార్చుకోలేదని నాగసతీష్ గుర్తుచేస్తే, "తెలుసులేరా," అని విసుక్కున్నాడు.

ఫ్లాటుకి వచ్చాక అక్క సత్యదుర్గ అడిగింది. నాగసతీష్ తల్లి ఆమె. "నారాయణమ్మేదిరా?"

"వాళ్ల పిన్నిగారింట్లో ఆగింది," అన్నాడు.

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు టిఫిను దగ్గర అక్క మళ్లీ ఎత్తింది. "నారాయణమ్మకి పిన్నిలెక్కడున్నార్రా? వాళ్లమ్మ ఒక్కతే కూతురు కదా?"

ప్రకాశరావు ఇడ్లీ ముక్క కింద పెట్టాడు. "పిన్ని కాదక్కా. పెంచిన తల్లి. అప్పాయమ్మ గారని. డ్యాం దగ్గర కూలిపని చేసేవారు."

సత్యదుర్గ చెయ్యి పచ్చడి గిన్నె మీద ఆగింది. "కూలిపనా? అయితే మేనత్త పెంచిందన్నదీ... ఇన్నాళ్లూ మనతో చెప్పలేదే!"

"మనం అడగలేదు," అన్నాడాయన. అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. అక్క ఇంకేదో అంటోంది. వినలేదు. రెండు రోజులు పూర్తికాకుండానే ఆటో మాట్లాడుకుని ఒక్కడే గుమ్మిగెడ్డ బయల్దేరాడు.

వాచ్‌మన్ ఆపలేదు. ఈసారి ఆయన కర్ర ఒకటి సంపాదించి జాగ్రత్తగా దిగాడు. నారాయణమ్మ వాకిట్లోకి తెచ్చి వేసిన మంచం మీద కూర్చుని అప్పాయమ్మకి తల దువ్వుతోంది. ఆయన్ని చూసి దువ్వెన అలాగే పట్టుకుని, "అప్పుడే వచ్చేసేరా?" అంది. ఆ గొంతులో కాస్త నిరాశ వినిపించి ఆయనకి మళ్లీ చురుక్కుమంది.

"అల్లుడుబాబు ఆకలితో ఒచ్చినాడు. కూడెట్టు," అంది అప్పాయమ్మ.

వేడన్నంలో ఎండుచేపల పులుసు వేశారు. వాళ్లింట్లో ఆయన పీటల భోజనం మనిషి. ఇక్కడ మంచంకోడుకి ఆనుకుని, కంచం నేల మీద పెట్టుకుని తిన్నాడు. పులుసు చాలా బాగుంది. నారాయణమ్మ ఇంట్లో చేసే పులుసు రుచే. ఇన్నేళ్లు తన తల్లి నేర్పిందని అనుకున్నాడు.

"ఆ మెట్టు దగ్గర ఎలా పడింది?" అని అడిగాడు తింటూ. అడగాలని అప్పట్నించీ లోపల తొలుస్తోంది.

అప్పాయమ్మ కొడుకు వైపు చూసి కిచకిచా నవ్వింది. "పడిపోనేదు బాబూ. ఈడే తోసీసినాడు!"

"అమ్మా, ఊరుకోయే," అన్నాడు జగ్గయ్య. ముసలి ముఖం ఎర్రబడింది.

"ఊరుకోడమేటి? చేపముక్క నేను సత్తి కంచంలో ఏసినానని ఈడికి కుళ్లు. కన్నకొడుకుని నేనుండగా దానికెడతావేటని రెండ్రోజులు మాటాడనేదు. మూడోనాడు కట్ట మీదికి తీస్కెల్లి తోసీసినాడు. మళ్లీ ఈడే దూకి జడట్టుకుని లాగినాడు. నెత్తురు చూసి ఈడే పెద్దగా ఏడ్సినాడు."

నారాయణమ్మ నవ్వుతోంది. జగ్గయ్య కూడా తలవంచుకుని నవ్వుతున్నాడు. ప్రకాశరావుకి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగి, దగ్గి, తనూ నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. జగ్గయ్య ఆయన కంచంలో ఇంకో చేపముక్క వేశాడు.

సాయంత్రం నారాయణమ్మని తీసుకుని తిరిగి వచ్చాడు. దారంతా ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన అడుగుతూనే ఉన్నాడు. కొన్నింటికి నవ్వాడు. కొన్నిచోట్ల, తను లేకుండా ఆవిడ అంత సంతోషంగా ఉండేదా అని ముఖం ముడుచుకున్నాడు. ఆవిడ చూసి, "చెప్పనా, ఆపేయనా?" అంది. "చెప్పు," అన్నాడు.

రెండు నెలలు గడిచాక మళ్లీ వెళ్లారు. ఈసారి ప్రకాశరావు ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కట్టించి తెచ్చాడు. పళ్లులేని నోట్లో కరిగిపోతాయని తనకే తోచింది. అప్పాయమ్మకి ఒంట్లో బాగా లేదు. నారాయణమ్మ ముందు వెళ్లి మంచం పక్కన కూర్చుని కాళ్లు పట్టింది, పిలిచింది, నుదురు తుడిచింది. ముసలమ్మ కళ్లు తెరవలేదు. ఆయన వెనకాల కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి గుమ్మంలో, "ఏమండీ అప్పాయమ్మ గారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు.

అప్పాయమ్మ కళ్లు తెరిచింది. "అల్లుడుబాబు ఒచ్చినాడా! రా, రా. ఇలా నా పక్కని కూకో," అంది. జగ్గయ్య సాయం పట్టి లేపితే ప్రకాశరావు చేత్తో పూతరేకు రెండు ముక్కలు తింది. మూడోది కావాలంది. గోదారి ఎంత పెద్దదో చెప్పమంది. ఆయన చేతులు బార్లా చాపి చెబుతుంటే నోరు తెరుచుకుని వింది. వాళ్లు లేచేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం బస్సెక్కాక నారాయణమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తుని దాటింది. అన్నవరం కొండ కనిపించింది. ఆవిడ చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది గానీ ఆయనతో మాట్లాడలేదు.

"ఏమైంది?" అన్నాడు.

"ఏమీ లేదండి."

"ఏమీ లేకపోతే అలా ఉన్నావేం?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "గంటసేపు కాళ్లు పట్టేను. అమ్మా, అమ్మా అని పిలిచేను. పలకలేదు. మీ గొంతు వినబడగానే లేచి కూర్చుంది," అంది. కళ్లలో నీళ్లున్నాయి, మూతి ముడిచి ఉంది. "వచ్చే నెల నేనొక్కదాన్నే వెళ్తాను."

"ఆయ్," అన్నాడు ప్రకాశరావు. నవ్వు రాకుండా ఆపుకోవడానికి ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని రోడ్డు వైపు చూశాడు.